హాట్ వీల్స్ మెయిన్‌లైన్ కారు: మెషినిస్టు బల్ల మీద, పిల్లి కూనల ఇంట్లో

బొమ్మగా చూస్తే హాట్ వీల్స్ మెయిన్‌లైన్ కారుకు, అంటే ఆ కంపెనీ చవక రకం మామూలు కారుకు, పదికి ఆరు మార్కులు మించి వేయలేం. చక్రాలు వదులు. కిటికీ ప్లాస్టిక్ మీద గీతలు. తలుపు మీది ప్రింటు ఒక్కోసారి పక్కకి జారి ఉంటుంది. అదే కారును వైస్ పక్కన పెట్టుకుని ఒక జాబ్‌లా చూస్తే తొమ్మిది ఇవ్వొచ్చు. రెండు వందల లోపు ఎంఆర్‌పీకి ఒక డైకాస్టింగ్ (కరిగిన లోహాన్ని అచ్చులో పోసి చేసిన బాడీ), రెండు రివెట్లు, రెండు ఇరుసులు, నాలుగైదు రోజులకు సరిపడా చేతిపని దొరుకుతోంది. రిటైరైన మెషినిస్టుకో ఫిట్టరుకో ఇంతకన్నా చవకైన కాలక్షేపం బజారులో లేదు. ఇంట్లో పిల్లి కూనలు కూడా తిరుగుతుంటే మాత్రం ఏ కారు కొనాలి, ఏ ద్రావకం వాడాలి, బల్ల ఎక్కడ వేసుకోవాలి అన్నవన్నీ మారిపోతాయి. ఈ రివ్యూ అలాంటి ఇంటి కోసం.

మాటెల్ కంపెనీ హాట్ వీల్స్‌ను 1968లో 16 కార్లతో బజారులోకి తెచ్చింది. హైదరాబాద్ బాలానగర్‌లో టూల్ డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ సీఐటీడీ మొదలైందీ అదే ఏడు కాబట్టి టూల్‌రూముల్లో పనిచేసినవాళ్లకు ఈ సంవత్సరం ఇట్టే గుర్తుంటుంది. ఇప్పుడు మన షాపుల్లో కనిపించేవి ఎక్కువగా మలేషియా, థాయ్‌లాండ్, ఇండోనేషియాలలో తయారైనవి. దేశం పేరు కారు అడుగునే ఉంటుంది.

కొనేటప్పుడు

ఈ కార్లను 1/64 స్కేలు, అంటే అసలు కారులో 64వ వంతు, అనడం వాడుక మాత్రమే. లారీ అయినా బుల్లి కారు అయినా అదే కార్డు మీద, అదే బ్లిస్టర్‌లో, అంటే కార్డుకు అతికించిన పారదర్శక ప్లాస్టిక్ గూట్లో, పట్టాలి. అందుకే పెద్ద బండిని ఎక్కువగా, చిన్న బండిని తక్కువగా కుదించి అన్నిటినీ ఏడు సెంటీమీటర్ల చుట్టుపక్కలకు తెచ్చారు. వీల్‌బేస్‌కు వెర్నియర్ పెట్టి, 64తో గుణించి, అసలు కారు కొలతతో పోల్చి చూసేవారికి నిరాశ తప్పదు. ఆ పట్టింపు ఉన్నవారు టామియా వాళ్ల 1/24 ప్లాస్టిక్ కిట్లకు వెళ్లాలి. అక్కడ కొలతలు ఖచ్చితంగా ఉంటాయి, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

బ్లిస్టర్‌లోంచి చూడాల్సినవి రెండు. మొదటిది, బాడీలో లోహం ఎంత, ప్లాస్టిక్ ఎంత అన్నది. కొన్ని మోడళ్లలో బంపర్లు, ఫెండర్ల అంచులు అడుగు ప్లాస్టిక్‌తో కలిసి వస్తాయి. అలాంటివాటికి రంగు మార్చినా రెండు ముక్కల మధ్య తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బానెట్ నుంచి డిక్కీ దాకా ఒకే పోతగా ఉన్నదాన్ని ఎంచుకోండి. రెండోది ఇరుసులు. కార్డును అడ్డంగా పట్టుకుని కంటి ఎత్తులో చూస్తే నాలుగు చక్రాల్లో ఏది లేచి ఉందో తెలిసిపోతుంది. ఇరుసు వంగితే సరిచేయొచ్చు. చక్రం కుదురుకే పగులు ఉంటే దాన్ని వదిలేయండి.

రివెట్టు తీయడం

అసలు పనంతా ఇక్కడే. అడుగున మామూలుగా ముందొకటి, వెనకొకటి రివెట్టు కనిపిస్తాయి. ఇవి విడిగా పెట్టి కొట్టినవి కావు. బాడీతో కలిపి పోసిన కడ్డీని అడుగు పలకలోని రంధ్రం గుండా బయటికి తెచ్చి, చివర నొక్కి పుట్టగొడుగు తలలా పరిచారు. మనం తీయాల్సింది ఆ తల ఒక్కటే. కడ్డీ మిగలాలి, తిరిగి బిగించడానికి ఆధారం అదే.

కారును గుడ్డలో చుట్టి, వెల్లకిలా, చెక్క దవడల మధ్య పట్టించండి. ఉత్త వైస్‌లో గట్టిగా బిగిస్తే పైకప్పును మోసే సన్నని స్తంభాలు లోపలికి వంగిపోతాయి. బాడీ పోసిన జమాక్ అనే జింకు మిశ్రమం మెత్తన కదా, తిరిగి లాగుదాం అనుకోవద్దు, అది విరుగుతుంది. రివెట్టు తల మధ్యలో చిన్న గుంట ఉంటుంది గానీ అది నిజంగా మధ్యలోనే ఉందన్న హామీ లేదు. దాన్ని నమ్మి నేరుగా బిట్ దించితే పక్కకి నడుస్తుంది. సెంటర్ డ్రిల్ ఉంటే ముందు దానితో ఒక గుర్తు, తర్వాత 3 లేదా 3.5 మి.మీ. బిట్. లోతు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటక్కర్లేదు. తల తెగిందంటే రింగులా బిట్ పైకి ఎక్కి దాంతో పాటు తిరుగుతుంది. అక్కడ ఆపేయాలి.

వేగం తక్కువగా ఉంచండి. జమాక్ అంటే జింకులో సుమారు 4 శాతం అల్యూమినియం. ఇది 380 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. వేగం పెంచి ఒత్తితే చిప్పు తెగదు, బిట్ గాడుల్లో మెత్తగా అతుక్కుని రంధ్రాన్ని చెడగొడుతుంది. ఒక చుక్క కిరోసిన్ చాలు. ఈ రోజుల్లో కిరోసిన్ దొరకడమే కష్టం, కొవ్వొత్తి మైనం రుద్దినా పని జరుగుతుంది. అడుగు పలక ఇంకా రాకపోతే స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తకండి, బాడీ అంచు మీద గంటు పడుతుంది. బిట్ ఇంకో పావు మిల్లీమీటరు దించండి.

పలక ఊడితే ఇరుసులు, సీట్ల ముక్క, కిటికీల ముక్క ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అవి వచ్చిన వరుసలోనే ఒక పళ్లెంలో పెట్టండి. ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుంటే మరీ మంచిది.

ఇప్పుడు ట్యాపింగు, అంటే స్క్రూ పట్టేలా రంధ్రం లోపల మర కోయడం. కడ్డీ నడుమ 1.6 మి.మీ. రంధ్రం వేసి ఎం2 ట్యాపు (2 మి.మీ. స్క్రూకు మర కోసే పనిముట్టు) తిప్పాలి, పిచ్, అంటే మర చుట్ల మధ్య దూరం, 0.4 మి.మీ. అమెరికా వీడియోల్లో 2-56 అంటుంటారు, అది అంగుళాల లెక్కలోని స్క్రూ సైజు. దాని బయటి వ్యాసం 2.18 మి.మీ., పిచ్ 0.45 పైచిలుకు. ఆ ట్యాపు కొని మన ఎం2 స్క్రూ పెడితే రెండు చుట్లకే ఆడిపోతుంది. ఎం2×4, ఎం2×5 స్క్రూలు ల్యాప్‌టాప్ రిపేరు చేసేవాళ్ల దగ్గర దొరుకుతాయి. ట్యాపు సెట్టు, పిన్ వైస్ (సన్న బిట్లను వేళ్లతో పట్టి తిప్పే పిడి) సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి టూల్స్ బజారులో చేతితో పట్టి చూసి కొనుక్కోవచ్చు.

లోతు దగ్గరే ఎక్కువ కార్లు పాడవుతాయి. కడ్డీకి పైన ఉన్నది బానెట్టో డిక్కీయో. ఆ రేకు మందం మిల్లీమీటరు అటూ ఇటూ. వెర్నియర్ వెనక పుల్లతో కడ్డీ కొన నుంచి కడ్డీ మొదలు దాకా కొలవండి. దాంట్లోంచి 2 మి.మీ. తీసేసి, మిగిలిన కొలత దగ్గర బిట్‌కు టేపు చుట్టండి. 5 మి.మీ. లోతు దొరికితే బోలెడు. బానెట్ మీద చిన్న మొటిమ లేచిందంటే లోపల బిట్ ముక్కు తగిలిందని అర్థం, ఇక ముందుకు వెళ్లొద్దు.

రంధ్రం మూసుకున్నది కాబట్టి సెట్టులోని మూడో ట్యాపుతో ముగించాలి. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. డైకాస్టింగులో పైపొర గట్టిగా ఉంటుంది, లోపల గాలి చిక్కుకున్న ఖాళీలు ఉంటాయి. ట్యాపు ఉన్నట్టుండి తేలికై, మళ్లీ ఒక్కసారిగా పట్టేస్తే ఖాళీ దాటిందన్నమాట. ఆ క్షణంలో మణికట్టు బలం చూపిస్తే ఎం2 ట్యాపు పుటుక్కుమంటుంది. విరిగిన ముక్కను జింకులోంచి తీయడం కన్నా కొత్త కారు కొనడం చవక.

పెయింటు ఊడదీయడం, ఫైలు పట్టడం

లోహపు బాడీ ఒక్కదాన్నే మూత ఉన్న గాజు సీసాలో, మునిగేంత ఎన్‌సీ థిన్నర్‌లో (నైట్రోసెల్యులోజ్ పెయింట్లను పలచన చేసే ద్రావకం) రాత్రంతా ఉంచండి. చాలావరకు ముడతలు పడి లేస్తుంది, మిగతాది పాత టూత్‌బ్రష్‌తో పోతుంది. మొండికేస్తే కార్ల పెయింటు షాపులో దొరికే పెయింట్ రిమూవర్ వాడాలి. కాస్టిక్ సోడా జోలికి మాత్రం వెళ్లొద్దు. ఇనుము మీద పెయింటు తీయడానికి అలవాటైనవాళ్లు దాన్నే వాడబోతారు. కాస్టిక్ జింకును తినేస్తుంది, హైడ్రోజన్ బుడగలు లేస్తాయి, పైభాగం నల్లబడి గరుకెక్కుతుంది.

అచ్చు రెండు సగాలు కలిసిన గీత ఫెండర్ల మీద, పైకప్పు అంచున కనిపిస్తుంది. దాన్ని నీడిల్ ఫైలుతో తీసేయండి. జింకు ఫైలు పళ్లలో ఇరుక్కుంటుంది కాబట్టి ముందే సుద్దముక్క రుద్దాలి. తర్వాత 400, 600 వాటర్ పేపర్, నీళ్లతో. తలుపు గీతల దగ్గర మాత్రం చెయ్యి ఆపండి. ఈ స్కేలులో 0.1 మి.మీ. అంటే అసలు కారు మీద 6.4 మి.మీ. ఫైలుతో ఒక్క గీత ఎక్కువైతే తలుపు సందే మాయమవుతుంది. పెయింటు మందానికీ ఇదే లెక్క. మూడు లావు కోట్లు వేస్తే గ్రిల్లు, హెడ్‌లైటు అంచులు నిండిపోయి కారు సబ్బుముక్క అయిపోతుంది.

పిల్లి కూనలు

ఇంతవరకూ చెప్పింది ఏ ఇంటికైనా వర్తిస్తుంది. కూనలున్న ఇంట్లో మొదట గమనించాల్సింది జింకు చిప్పులు. కూన వాటిని ఏరుకుని తినదు. నేల మీద నడిచి, పాదాలకు అంటించుకుని, తర్వాత తీరిగ్గా నాకుతుంది. కడుపులోని ఆమ్లంలో జింకు కరుగుతుంది. మోతాదు పెరిగితే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. షాప్‌ఫ్లోర్‌లో అయస్కాంతం తిప్పి చిప్పులు ఏరే అలవాటు ఇక్కడ పనికిరాదు, జింకు అయస్కాంతానికి అంటదు. డ్రిల్లు కింద అంచున్న పెద్ద పళ్లెం, అందులో తడి న్యూస్‌పేపరు పరవండి. పని కాగానే పేపరును చిప్పులతో సహా మడిచి మూత ఉన్న డబ్బాలో వేయాలి. తర్వాత బల్లనూ నేలనూ తడిగుడ్డతో తుడవాలి. ఊడ్చితే పొడి లేచి ఇల్లంతా పరుచుకుంటుంది. ఉక్కు ఇరుసులు మాత్రం అయస్కాంతానికి అంటుతాయి కాబట్టి వాటికి అయస్కాంతపు గిన్నె కొనడం దండగ కాదు.

నేల తుడిచే నీళ్లలో ఫినాయిల్ పోయకండి. ఫినాల్ జాతి రసాయనాలను విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి పాదాలు నాకినా ప్రమాదమే. వర్క్‌బెంచి దగ్గర శుభ్రంగా ఉండాలన్న పట్టుదల ఉన్నవాళ్లే ఈ తప్పు ఎక్కువ చేస్తారు. సబ్బునీళ్లు, తర్వాత మంచినీళ్లు చాలు.

థిన్నర్ ఆవిరి గాలికన్నా బరువు. కుర్చీలో కూర్చున్నవాళ్లకు వాసన తగ్గిందనిపించినా, నేల మీద పడుకున్న కూనకు అది ఇంకా దట్టంగానే ఉంటుంది. థిన్నర్ సీసాలు, స్ప్రే పని బాల్కనీలోనో డాబా మీదో, తలుపు వేసుకుని. హార్డెనర్ కలిపే 2కే క్లియర్ (రెండు భాగాలు కలిపి వేసే పారదర్శక పైకోటు) ఇంట్లో వద్దే వద్దు. అందులోని ఐసోసయనేట్లు అనే విష రసాయనాలకు తగిన మాస్కు, గాలి లాగే ఏర్పాటు లేకుండా మనుషులే వాడకూడదు, ఇక కూనల సంగతి చెప్పక్కర్లేదు. ఒకవేళ బొచ్చుకు రంగు అంటితే థిన్నర్‌తో తుడవకండి. ఆరిపోయిన చోట బొచ్చు కత్తిరించేయాలి, తడిగా ఉంటే గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడగాలి. అది నాకకుండా ఒళ్లో పట్టుకుని ఉండాలి.

చిన్న ముక్కల సంగతి. చక్రం వ్యాసం సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ, ఇరుసు మిల్లీమీటరు మందపు ఉక్కు పుల్ల. కూనలకు మూడు నాలుగు నెలల నుంచి ఆరు నెలల దాకా పాలపళ్లు ఊడి కొత్తవి వస్తుంటాయి, ఆ రోజుల్లో దొరికిందల్లా కొరుకుతాయి. అందుకే ఈ ఇంటికి మెయిన్‌లైనే మేలు అంటున్నాం. హాట్ వీల్స్‌లోనే ఖరీదైన రకమైన ప్రీమియం కార్లకు ఉండే రబ్బరు టైరు పంటికి చిక్కితే క్షణంలో రిమ్ము నుంచి ఊడి వస్తుంది. మెయిన్‌లైన్ గట్టి ప్లాస్టిక్ చక్రం అంత తేలిగ్గా ఊడదు, పంటి గాటు మాత్రం పడుతుంది. విప్పిన ముక్కలను రాత్రి బల్ల మీద వదలకుండా మూత బిగుసుకునే టిఫిన్ డబ్బాలో పెట్టేయండి. వాడేసిన మాస్కింగ్ టేపు ఉండలు, దారం, రబ్బరుబ్యాండు ఇరుసు కన్నా ప్రమాదం. దారం పేగులో పడితే పేగును కుచ్చులా లాగేస్తుంది. నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ దారం కొస కనిపిస్తే లాగకుండా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. చిగుళ్లు పాలిపోయినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, వరసగా వాంతులవుతున్నా తెల్లవారేదాకా ఆగొద్దు. లోహం మింగితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది. ఇంట్లో జింకు పని జరుగుతోందని డాక్టరుకు ముందే చెప్పండి.

తిండి పెట్టి, కాసేపు ఆడించాక కూనలు గాఢంగా నిద్రపోతాయి. డ్రిల్లు పని ఆ సమయానికి పెట్టుకోండి. టేబుల్ ల్యాంపు వేడికి అవి బల్ల ఎక్కి దాని కిందే పడుకుంటాయి. ఎల్‌ఈడీ ల్యాంపు మారిస్తే ఆ ఆకర్షణ తగ్గుతుంది.

రంగు, తిరిగి బిగించడం

జింకు మీద రంగు సరిగ్గా పట్టదు. 600 పేపరు గీతలు, సబ్బు స్నానం, పూర్తిగా ఆరడం, ఆ తర్వాత సన్నగా ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే తొలి కోటు). ఈ వరుసలో ఏది వదిలినా గోటితో గీరితే పెయింటు రేకులా లేస్తుంది. వానాకాలంలో స్ప్రే చేస్తే రంగు పాలిపోయి తెల్లని పొగ పట్టినట్టు అవుతుంది. ద్రావకం ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి గాలిలోని తేమ దాని మీద చేరడమే కారణం. విశాఖ, కాకినాడ వైపువాళ్లు ఎండ కాసే మధ్యాహ్నం కోసం ఆగాల్సిందే. స్ప్రే డబ్బాను ముందు గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచండి. వేడినీళ్లు ప్రమాదం. 20 సెం.మీ. దూరం నుంచి రెండు పొగమంచు కోట్లు, తర్వాత ఒక తడి కోటు చాలు.

స్ప్రే కాగానే మీద పారదర్శక ప్లాస్టిక్ డబ్బా బోర్లించండి. పిల్లి బొచ్చు గాలిలో తేలుతూ వచ్చి సరిగ్గా బానెట్ మధ్యలోనే వాలుతుంది. తడిగా ఉన్నప్పుడు ట్వీజరుతో తీయబోతే గుంట పడుతుంది. ఆరనిచ్చి, 2000 పేపరుతో తడిపి రుద్ది, ఇంకో సన్న కోటు వేయడమే దారి.

బిగించేటప్పుడు కిటికీల ముక్క పట్టకపోతే బలవంతం చేయకుండా లోపలి అంచున చేరిన పెయింటు గీకేయండి. ఎం2 స్క్రూను రెండు వేళ్లతో పట్టిన స్క్రూడ్రైవరుతో, తల ఆనేదాకా మాత్రమే తిప్పాలి. జింకు మర నాలుగైదు సార్లు విప్పి బిగిస్తే అరుగుతుంది. వదులు కాకుండా లాక్‌టైట్ (మరను పట్టి ఉంచే జిగురు) పోయాలనిపిస్తుంది గానీ, అది తగిలిన ప్లాస్టిక్ అడుగు పగుళ్లు తీస్తుంది. స్క్రూ తల మీద గోళ్ల రంగు ఒక చుక్క సరిపోతుంది.

ఇరుసుకు నూనె వద్దు. 2బి పెన్సిలు ముల్లు గీకిన పొడి, సూది మొనకు అంటినంత. నూనె వేస్తే బొచ్చు వచ్చి చక్రానికీ బాడీకీ మధ్య ఇరుసు చుట్టూ చుట్టుకుంటుంది. కొన్నాళ్లకు చక్రం తిరగడం మానేసి ఈడుస్తుంది, చాలామంది ఇరుసు వంగిందనుకుని శ్రావణం పట్టుకుంటారు. ముందు భూతద్దంలో చూసి, సూదితో ఆ బొచ్చు రింగును తెంపి చూడండి.

మిగతావాటితో పోలిస్తే

మేజొరెట్ కార్లు స్ప్రింగు సస్పెన్షన్‌తో, చాలావాటికి తెరుచుకునే తలుపులతో వస్తాయి. వాటిలోనూ రివెట్లే. అతుకులు ఎక్కువ కాబట్టి మొదటి పనిముక్కగా వద్దు, మూడో నాలుగో కారుగా బాగుంటుంది. చూపు ఆననివారికి, చెయ్యి వణికేవారికి మైస్టో 1/24 అసెంబ్లీ లైన్ కిట్ నయం. లోహపు బాడీ, స్క్రూలతో బిగింపు, స్క్రూడ్రైవరు పెట్టెలోనే ఉంటుంది, డ్రిల్లు అవసరమే లేదు. మెషినిస్టుకు అందులో పని తక్కువనిపిస్తుంది, అదొక్కటే లోటు.

మెయిన్‌లైన్‌కు ఎంఆర్‌పీ కన్నా ఎక్కువ అడిగే షాపులు ఊరికొకటైనా ఉంటాయి. రంగు ఊడదీసి మళ్లీ వేసేవాళ్లకు అరుదైన రంగు, ప్రత్యేక ప్రింటు ఉన్న కారు అక్కర్లేదు, అందరూ వదిలేసిన కారే మనకు కావలసింది. కార్డు నలిగినా, బ్లిస్టర్ పగిలినా పర్వాలేదని చెబితే కొందరు ధర తగ్గిస్తారు కూడా.

పూర్తయిన కార్లను గోడకు బిగించిన, అద్దపు తలుపులున్న సన్న అరలో పెట్టండి. తెరిచి ఉన్న షెల్ఫు మీద వరసగా పెడితే కూన ఒక్కొక్కటే పంజాతో నేలకు తోస్తుంది, ముందు విరిగేది సైడ్ మిర్రరే. కూనలు దొర్లించుకోవడానికి ఒకటి ఇవ్వాలంటే రివెట్టు విప్పని, రంగు మార్చని ఫ్యాక్టరీ కారు ఇవ్వండి. వారానికోసారి నాలుగు చక్రాలనూ పట్టి లాగి చూడండి, ఏది కాస్త బయటికి జరిగినా ఆ కారును వెనక్కి తీసుకుని స్పేర్‌పార్టుల డబ్బాలో వేసేయండి.